బాగుంది గానీ, ఏం కాస్తుంది?

కిందటి కార్తీకంలో మా నాయన బెంగళూరు వచ్చినప్పుడు బసవనగుడిలో కడలెకాయి పరిషెకు తీసుకెళ్లాను. అసలు జాతర కార్తీకం చివరి సోమవారం. కానీ ముందురోజు ఆదివారం సాయంత్రానికే బుల్ టెంపుల్ రోడ్డు మీద కాలు పెట్టే సందు లేదు. రోడ్డుకు రెండు వైపులా శెనక్కాయల రాశులు, పచ్చివి, ఉడకబెట్టినవి, ఇసుకలో వేయించినవి. అనంతపురం జిల్లాలో యాభై ఏళ్లుగా శెనక్కాయ పెట్టిన మనిషి అలాంటి రోడ్డు మీద ఎలా నడుస్తాడు? ప్రతి రాశి దగ్గరా ఆగుతాడు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. చిట్లించి తొక్క లోపలివైపు నల్లబడిందా లేదా చూస్తాడు. "ఇంకా పదిరోజులు ఉండాల్సింది, తొందరపడి పీకేసినారు" అని అమ్మేవాడికే చెప్పి, గింజ నోట్లో వేసుకుని ముందుకు పోతాడు. కొనేది మాత్రం లేదు. మా ఆవిడ సిగ్గుతో పది అడుగులు ముందు నడిచింది.

రోడ్డు చివర ఒకతను ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పెట్టుకుని "సంజీవని" అమ్ముతున్నాడు. గోధుమరంగులో, ముడుచుకున్న పిడికిలిలా ఉన్న ఎండుమొక్కలు. నీళ్లలో వేసినవి అప్పటికే ఆకులు విప్పుకుని పరుచుకుని ఉన్నాయి. మా పాప అక్కడే కూర్చుండిపోయింది. యాభై రూపాయలిచ్చి ఒకటి కొన్నాం. ఇంటికొచ్చి గిన్నెలో నీళ్లు పోసి వేస్తే, అన్నం తినేలోపు ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటిగా తెరుచుకున్నట్టు విప్పుకుంది. పాప కేకలు. నేను ఫోన్‌లో వీడియో తీశాను. నాయన కళ్లజోడు సర్దుకుని, గిన్నెమీదికి వంగి కాసేపు చూసి, "బాగుంది రా. ఏం కాస్తుంది?" అన్నాడు.

"ఏమీ కాయదు నాయనా. ఎండిపోయి మళ్లీ బతుకుతుంది, అదీ దీని గొప్ప."

"ఓహో" అని లేచి చేయి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే మా చుట్టాల గ్రూపులో ఒక కథనం వచ్చింది. కరువులో మొక్కను కాపాడే ప్రొటీన్ల రహస్యం తెలిసిపోయిందని, వాటిని పంటల్లో పెడితే ఇక వాన పడకపోయినా ఫరవాలేదని. కింద నలుగురు దండాలు, ఇద్దరు చప్పట్లు. నాకు ఈ విషయం మీద పిచ్చి ఉంది. ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ, డిగ్రీలో చదివింది బాటనీ. ఆ కథనంలో చెప్పిన ప్రొటీన్లు నిజమే, అవి చేసే పనీ నిజమే. అయినా చదివాక చిరాకేసింది. ఎందుకో తేల్చుకోవడానికి ఇంత రాయాల్సి వచ్చింది. నాయన అడిగిన ఆ రెండు మాటల ప్రశ్న దగ్గరే నా అభిప్రాయమంతా ఉంది: ఆ ప్రొటీన్లు మొక్క బతకడానికి పుట్టినవి. మనకు కావాల్సింది పండడం. రెండూ ఒకటే అన్నట్టు చెప్పేవాళ్లు రైతును మోసం చేస్తున్నారో, తామే మోసపోతున్నారో గానీ, ఒక మోసమైతే జరుగుతోంది.

ముందుగా సంజీవని సంగతి. ఐదోరోజుకు గిన్నె వాసన కొట్టింది. చూస్తే ఆకులు అదే గోధుమరంగులో, చేత్తో ముట్టుకుంటే జారిపోతున్నాయి. అంటే మేం కొన్నది ఎప్పుడో చచ్చిన మొక్క. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ జాతి మొక్కలు ముడుచుకోవడం, విప్పుకోవడం చాలావరకు తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే కణాల గోడల పని. తడిస్తే తలుపుచెక్క ఉబ్బినట్టే. దానికి ప్రాణం అక్కర్లేదు. ప్రాణం ఉందో లేదో తెలియాలంటే విప్పుకున్నాక ఒకటి రెండు రోజులు ఆగి, పచ్చబడుతుందా అని చూడాలి. మేం చప్పట్లు కొట్టింది శవం చేతులు చాపినందుకు.

మా పాపకు ఈ మాట చెప్పలేదు. ఇంకోటి తెస్తానన్నాను.

పెసల పరీక్ష

అసలు ఎండిపోయీ బతకడం అన్నది మనకు కొత్త వింత కాదు. ప్రతి వంటింట్లో డబ్బాల నిండా ఉన్నది అదే. పెసలు, కందులు, రాగులు, మెంతులు. ఇవన్నీ ఎండిపోయి బతికి ఉన్నవే. ఆకులోంచి పదో వంతు నీరు మిగిలేలా ఎండబెడితే ఆకు చచ్చిపోతుంది. గింజ ఆ స్థితిలోనే హాయిగా ఏళ్లు గడుపుతుంది. ఇజ్రాయెల్‌లో మసాదా కోట తవ్వకాల్లో దొరికిన ఖర్జూరపు గింజ ఒకటి రెండువేల ఏళ్ల నాటిది, 2005లో నాటితే మొలిచింది. యాభై రూపాయల సంజీవనిని చూసి కేకలు వేసినవాళ్లం, అరకిలో పెసల ప్యాకెట్టు మీద కేకలు వేయం.

నాయన ఉన్న రోజుల్లోనే వంటింట్లో చిన్న పరీక్ష చేశాను. పెసలు మూడు గిన్నెల్లో నానబెట్టాను, ఇరవయ్యేసి. ఒక గిన్నెలోవి ఉబ్బగానే తీసేశాను, మొలక రాకముందే. రెండోదానివి తెల్లటి మొన కనబడగానే తీశాను. మూడోదానివి అంగుళం తోకలు వచ్చేదాకా ఉంచాను. మూడింటినీ పేపర్ మీద పరిచి ఫ్యాను కింద మూడు రోజులు కరకరలాడేలా ఎండబెట్టి, మళ్లీ నానబెట్టాను. మొదటి గిన్నెలో పద్దెనిమిది మొలిచాయి. రెండోదాంట్లో పదకొండు. తోకలొచ్చిన ఇరవైలో ఒక్కటీ లేదు.

నాయనకు ఇది చూపించబోతే, "దానికి పరీక్షెందుకు రా, కోతల్లో వాన పడిన సంవత్సరం మనింట్లో చూల్లేదా" అన్నాడు. నిజమే. మా వైపు పెట్టే గుత్తిరకం శెనక్కాయలకు నిద్ర ఉండదు. ముదిరిన కాయ భూమిలో ఉండగా వాన పడితే చేనులోనే మొలకెత్తుతుంది. అట్లా మొలిచిన కాయల్ని ఎంత ఎండబెట్టి మూట కట్టినా విత్తనానికి పనికిరావు. మా అమ్మ వాటిని ఏరి పక్కన పోసేది. అదే కాయ, అదే ఎండ. మొలకకు ముందైతే బతుకు, మొలకొచ్చాక చావు.

మధ్యలో ఏం పోయింది? ఆ ప్రొటీన్లే పోయాయి, ముఖ్యంగా. 1981లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో లియాన్ డ్యూర్ బృందం పత్తిగింజలు ముదిరే క్రమాన్ని గమనిస్తూ, గింజ ఎండబోయే చివరి రోజుల్లో కొన్ని ప్రొటీన్లు కుప్పలు తెప్పలుగా తయారవుతున్నాయని చెప్పింది. వాటినే ఎల్‌ఈఏ (లేట్ ఎంబ్రియోజెనిసిస్ అబండంట్) ప్రొటీన్లు అంటున్నారు. మొలక రాగానే అవి కరిగిపోతాయి. ఎండను తట్టుకునే శక్తీ వాటి వెంటే పోతుంది. ఒక్క ఆవజాతి గడ్డిమొక్క, ల్యాబుల్లో అందరూ వాడే ఆరబిడాప్సిస్‌లోనే ఇలాంటి జన్యువులు 51 లెక్కపెట్టారు.

వీటి పోకడ విచిత్రం. మామూలు ప్రొటీన్‌కు ఒక ఆకారం ఉంటుంది. ఆ ఆకారం చెడితే పని చెడుతుంది. కోడిగుడ్డు ఉడకబెడితే తెల్లసొన గడ్డకట్టేది అందుకే. ఈ ఎల్‌ఈఏ ప్రొటీన్లలో చాలావాటికి నీళ్లలో ఉన్నంతసేపూ స్థిరమైన ఆకారమే లేదు. చెడడానికి ఏమీ లేదు కాబట్టి ఉడకబెట్టినా గడ్డకట్టవు. ల్యాబులో వీటిని వేరుచేసే సులువైన పద్ధతి కూడా అదే: గింజల రసాన్ని మరిగించడం, గడ్డకట్టినవన్నీ అడుగుకు దింపేయడం, పైన తేటలో మిగిలినవి ఇవి. ఇరవై నాలుగు గంటలూ నీటిని పట్టుకుని వేలాడే రకం. కణంలో నీరు తగ్గిపోతున్నప్పుడు మిగతా ప్రొటీన్లు ఒకదానిమీద ఒకటి పడి ముద్ద కాకుండా మధ్యలో అడ్డం నిలబడతాయి. కణపు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా చూస్తాయి. కొన్నయితే బాగా ఎండాకే చుట్టుకుని ఒక ఆకారానికి వస్తాయి. పక్కనే చక్కెరలు చిక్కబడి, గాజులాగా గట్టిపడి, లోపల ఉన్నదాన్ని ఉన్నచోటే పట్టి ఉంచుతాయి. ఆ చక్కెరల్లో రాఫినోజ్ బాపతు కూడా ఉంటుంది. పప్పులు తింటే గ్యాసు వచ్చేది దానివల్లే. మొలకలొస్తే అదీ తగ్గుతుంది. విత్తనం తన కరువు కోసం దాచుకున్నది మన కడుపులో ఉబ్బరం చేస్తోందన్న మాట.

గింజలో మాత్రమేనా అంటే, కాదు. చేలో పదును, అంటే మట్టిలో తడి, తగ్గగానే వేర్లు, ఆకులు ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. అది రెండు పనులు చేస్తుంది. ఆకు మీది రంధ్రాలు మూయిస్తుంది. ఈ కాపుదల ప్రొటీన్ల జన్యువుల్లో కొన్నిటిని ఆకులో కూడా నిద్రలేపుతుంది. వాటిలో డీహైడ్రిన్లు అనేవి ఎక్కువగా వినబడే పేరు. అసలు సిసలు సంజీవని మొక్కలు చేసేదీ ఇంతే, కాకపోతే పూర్తిగా చేస్తాయి. గింజకు మాత్రమే తెలిసిన విద్యను ఆకుకు నేర్పుకున్నాయి.

ఇంతవరకూ నాకే అభ్యంతరమూ లేదు. చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. అభ్యంతరమంతా ఇక్కణ్నుంచి "కాబట్టి" అని మొదలయ్యే వాక్యంతో.

కుండీలో గెలుపు

1996లో బార్లీ నుంచి హెచ్‌వీఏ1 అనే ఎల్‌ఈఏ జన్యువును తీసి వరిలో పెట్టారు. నీళ్లు ఆపితే, ఉప్పునీరు పోస్తే, మామూలు వరి కన్నా అది బాగా నిలబడింది. ఆ తర్వాత ఇలాంటివి ఎన్ని వచ్చాయో. చెన్నై తరమణిలోని స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు మడచెట్టు నుంచి డీహైడ్రిన్ జన్యువు తీసి పొగాకు మొక్కలో పెట్టి చూశారు. ముళ్లకంపగా మనం తిట్టే సర్కారు తుమ్మను కూడా వదల్లేదు, దాన్నుంచీ జన్యువులు తీశారు. ఇదంతా మంచి సైన్సే. కానీ 1996 నుంచి మూడు దశాబ్దాలు. మన దేశంలో అధికారికంగా రైతు చేతికొచ్చిన జన్యుమార్పిడి పంట 2002 నాటి బీటీ పత్తి ఒక్కటే, అది పురుగు కోసం, కరువు కోసం కాదు.

ఇందులో అనుమతుల గొడవ, రాజకీయం ఉన్నాయి, కాదనను. అవి లేకపోయినా ఒక చిక్కు ఉండేది. చాలా ప్రయోగాల్లో జరిగేది ఇది: కుండీల్లో మొక్కలు పెంచుతారు, రెండు వారాలు నీళ్లు ఆపుతారు, మళ్లీ పోస్తారు, ఎన్ని తేరుకున్నాయో లెక్కపెడతారు. కొత్త జన్యువు పెట్టిన మొక్క తేరుకుంటుంది, పెట్టనిది చస్తుంది. పక్కపక్కన ఫొటో. ఈ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు 2024 మార్చిలో మా అపార్ట్‌మెంట్ గుర్తొస్తుంది.

ఆ వేసవి బెంగళూరులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మా బోర్లు రెండూ ఎండాయి, ట్యాంకరు కోసం రాత్రి రెండింటికి మేలుకునేవాళ్లం. ఏ ఫ్లాటు ఎన్ని నీళ్లు వాడిందో మీటరు లెక్కలు అసోసియేషన్ గ్రూపులో పెట్టేవాళ్లు, పొదుపుగా వాడినవాళ్లను పొగడడానికి. ఆ నెల అందరికన్నా తక్కువ వాడిన ఫ్లాటుకు బొకే ఇమోజీలు, "ఇన్‌స్పిరేషన్" అని మెసేజులు. మూడు రోజుల తర్వాత ఆ ఇంటాయన నింపాదిగా జవాబిచ్చాడు: "థాంక్స్ అండీ, మేం విజయవాడలో ఉన్నాం, వచ్చి మూడు వారాలైంది."

కుండీలో కూడా ఇదే జరగొచ్చు. జన్యువు పెట్టడం వల్ల మొక్క కాస్త గిడసబారిందనుకోండి. చిన్న మొక్క తక్కువ నీరు తాగుతుంది. దాని కుండీలో మట్టి ఆలస్యంగా ఎండుతుంది. పక్క కుండీలో మొక్క పదోరోజే దాహంతో అల్లాడుతుంటే దీనికి ఇంకా తడి ఉంటుంది. దానిని మనం కరువును తట్టుకోవడం అంటున్నాం. అది కరువును చూడనే లేదు. ఈ విమర్శ నా సొంతం కాదు, మొక్కల ఫిజియాలజీ తెలిసినవాళ్లు ఏళ్లుగా చెబుతున్నదే. జాగ్రత్తపరులు మట్టి తేమ సమానంగా ఉంచి పోల్చి చూస్తారు. అప్పుడు తేడా చాలాసార్లు సన్నబడుతుంది.

ఇంకో సంగతి, మన ఊరి నుంచే. చేలో కరువు స్విచ్ వేసినట్టు రాదు. పదును రోజురోజుకూ తగ్గుతూ వస్తుంది. మొక్కకు ముందస్తు కబురు అందుతుంది. హెబ్బాళ దాటాక జీకేవీకేలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మొలకల్ని పరీక్షించడానికి ఒక పద్ధతి తయారుచేశారు. మొలకను నేరుగా చంపేసే వేడిలో పెట్టరు. ముందు మెల్లగా వేడి పెంచుతూ పోయి, ఆ తర్వాత చంపేసేంత వేడికి గురిచేస్తారు. నేరుగా పెడితే అన్ని రకాలూ ఒకేలా చస్తాయి. ఎవరు గట్టివాడో తెలియదు. మెల్లగా కబురందించి పెడితే, కాపుదల ప్రొటీన్లను లేపుకునే ఓపిక ఏ రకానికి ఉందో అప్పుడు బయటపడుతుంది. నాకు ఈ పద్ధతి మీద గౌరవం. చేను ఎలా ఎండుతుందో తెలిసిన మనుషులు పెట్టిన పరీక్షలా ఉంటుంది.

ఊడ దిగకపోతే

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ముంగారు, అంటే తొలకరి వాన, బాగానే పడింది. ఆరుద్రలో విత్తనం వేశాం. చెట్టు కమ్ముకుంది, పూత వచ్చింది. ఆ తర్వాత ముప్పై ఐదు రోజులు చుక్క లేదు. మధ్యాహ్నం ఆకులు ముడుచుకునేవి, పొద్దున్నే మళ్లీ తెరుచుకునేవి. కొన్నాళ్లకు పొద్దున కూడా తెరుచుకోవడం మానేశాయి. నాయన చేను వైపు పోవడమే మానుకున్నాడు. అప్పుడు పడింది వాన. వారం తిరక్కుండా చేనంతా పచ్చబడింది. చచ్చిందనుకున్నది లేచి కూర్చుంది. దారిన పోయేవాళ్లు "నీ చేను బతికిందప్పా" అనేవాళ్లు. నేనూ నమ్మాను.

పీకిన రోజు తెలిసింది. చెట్టుకు రెండు కాయలు, మూడు కాయలు, అవీ లొట్టలు. పచ్చగా, నిగనిగలాడే చెట్టు, కింద ఏమీ లేదు. పంట నష్టం చూడ్డానికి వచ్చినాయన జీపు దిగి గట్టుమీదే నిలబడి, "పచ్చగానే ఉంది కదయ్యా" అని రాసుకుని పోయాడు. నాయన ఒక చెట్టు పీకి చేతిలో పట్టుకుని జీపు వెనకాల కొంతదూరం నడిచాడు.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ చేలో ఈ కాపుదల ప్రొటీన్లన్నీ తమ పని తాము చక్కగా చేశాయి. ఆకు కణాలు చావలేదు. పొరలు చిరగలేదు. వాన పడగానే తేరుకున్నాయి. వాటిని తప్పుపట్టడానికి లేదు. శెనక్కాయ కాపు తెలిసినవాళ్లకు అసలు కథ తెలుసు. పువ్వు పైన పూస్తుంది, దాని ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోవాలి. అక్కడ కాయ ఊరాలి. మా ఎర్రనేల పైపొర ఎండితే పెచ్చు కడుతుంది. ఊడ మొన ఆ పెచ్చును చీల్చలేదు. చీల్చినా, ఊరే కాయకు కావాల్సిన కాల్షియం వేరు నుంచి రాదు, కాయే చుట్టూ ఉన్న మట్టి తడిలోంచి నేరుగా పీల్చుకోవాలి. జిప్సం చెట్టు మొదట్లో వేసేది అందుకే. తడి లేకపోతే జిప్సం వేసీ ప్రయోజనం లేదు, కాయ లొట్టపోతుంది. పైగా చివరి బెట్టకు చిక్కిన కాయల్లో ఆఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేసే బూజు ఒకటి. కణంలోపల ఏ ప్రొటీన్ ఎంత కష్టపడితే మాత్రం పైనున్న మట్టి పెచ్చు మెత్తబడుతుందా?

ఇది ఒక్క శెనక్కాయ గొడవ కాదు. మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి అంతా తలుపులు మూసుకోవడమే. రంధ్రాలు మూస్తే నీరు పోదు, కానీ లోపలికి గాలీ రాదు. గాలి లేకపోతే పిండిపదార్థం తయారవదు. వరికంకి పొట్టదశలో ఉండగా నాలుగు రోజులు తలుపులు మూస్తే, తర్వాత ఎన్ని రోజులు తెరిచినా తాలు గింజలు నిండవు. అడవిలో మొక్కకు ఈ బేరం లాభమే. ఈ ఏడు కాయకపోతే వచ్చే ఏడు. మా నాయనకు అప్పు ఈ ఏడుదే.

నేను చెప్పేదాంట్లో బొక్కలు

ఇంతవరకూ రాసి మా ఆఫీసులో ఒకామెకు చూపించాను. కడప జిల్లా అమ్మాయి, ఇంట్లో ఇప్పటికీ సేద్యం ఉంది. చదివి, "అన్నా, మరీ ఏకపక్షంగా ఉంది, చెట్టు బతికితే లాభమే లేదంటావా? మాకు ఆ ఏడాది శెనక్కాయ కట్టె లేకపోతే ఎద్దుల్ని అమ్ముకునేవాళ్లం" అంది.

నిజం. మాకూ అంతే. కాయలు రాని ఆ ఏడాది కట్టె మాత్రం వామి నిండా వచ్చింది. ఆవులు ఎండాకాలం గడిపాయి. చేలో మొక్క చచ్చిపోయి ఉంటే అదీ లేదు. "పండడం" అనే మాటకు నేను కాయల లెక్క ఒక్కటే వేశాను. ఇంట్లో పశువులున్నవాడి లెక్క వేరు.

రెండో బొక్క నేనే కనిపెట్టుకున్నాను. బెట్ట ఎప్పుడు వచ్చిందన్నదాన్ని బట్టి బతకడం, పండడం ఒకటే అయ్యే సందర్భాలున్నాయి. విత్తనం మొలిచిన మొదటి రోజుల్లో వాన మొహం చాటేస్తే, అప్పుడు బతికితేనే తర్వాత ఏదైనా. రెండోసారి విత్తనం కొనే ఖర్చు తెలిసినవాళ్లు ఆ రోజుల్ని చిన్నచూపు చూడరు. శెనక్కాయకైతే ఇంకా విచిత్రం. పూతకు ముందు కాస్త బెట్ట పడితే దిగుబడి పెరుగుతుంది. వేరు లోతుకు పోతుంది, తర్వాత పూతంతా ఒక్కసారిగా వస్తుంది. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ప్రయోగం చేసి చూశారు. మా ఊళ్లో ప్రయోగం అక్కర్లేకుండానే, విత్తిన ఇరవై రోజులకు వాన పడకపోతే "పడకపోవడమే మేలు" అనేవాళ్లు. రాగి విత్తనాన్ని ఆరు గంటలు నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, మొలక బయటపడకముందే తీసి నీడన ఆరబెట్టి విత్తే అలవాటూ ఉంది. మొలక రాకముందు ఆపాలన్నది వాళ్లకు ఎవరు చెప్పారు? నా పెసల గిన్నెలు చెప్పిందే వాళ్లకు ఎప్పుడో తెలిసింది.

మూడోది, కాపుదల ప్రొటీన్ పెట్టిన పంట రైతుదాకా రాలేదన్నది మన దేశం మాట. అమెరికాలో మొక్కజొన్నలో ఒక బాక్టీరియా నుంచి తీసిన చలి ప్రొటీన్ జన్యువును పెట్టారు. ఆ ప్రొటీన్ కష్టకాలంలో కణంలోని ఆర్ఎన్ఏను చిక్కుపడకుండా చూస్తుంది. 2011 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం అనుమతించింది, మార్కెట్లోకి వచ్చింది, రైతులు వేశారు. కాబట్టి అసాధ్యమని అనడానికి లేదు. ఎంత ఉపయోగం అంటే, మధ్యరకం బెట్టలో ఐదారు శాతం దిగుబడి కాపాడిందని విమర్శకులు లెక్కగట్టారు. గట్టి కరువులో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. ఐదారు శాతం చిన్నదేం కాదు. వంద బస్తాలకు ఐదు బస్తాలు ఎవడైనా వద్దంటాడా? కానీ "ఇక వాన పడకపోయినా ఫరవాలేదు" అన్నదానికీ, ఐదు బస్తాలకూ మధ్య ఎంత దూరముందో చూడండి.

కేప్‌టౌన్‌లో జిల్ ఫారంట్ అనే శాస్త్రవేత్త ఇంకా పెద్ద కల కంటున్నారు. ఎండు సంజీవని మొక్కల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. ఆవిడ వాదం సూటిగా ఉంటుంది: ప్రతి పంట గింజలోనూ ఈ జన్యువులు ముందే ఉన్నాయి, కాబట్టి బయటినుంచి తెచ్చి పెట్టేది తక్కువ, ఉన్నవాటిని ఆకులో మేల్కొలిపితే చాలు. ఇథియోపియా వాళ్లు తినే టెఫ్ ధాన్యంతో అది చేసి చూడాలన్నది ఆశ. ఒకవేళ అయితే, నా చేను ముప్పై ఐదు రోజులు నిజంగానే ఎండిపోయి, వాన పడ్డాక ఆగినచోటి నుంచి మొదలుపెడుతుందేమో. కానీ వానాకాలం ఆగదు. ఆగిన ముప్పై ఐదు రోజులూ కాలెండర్లోంచి పోయినవే. ఆశ్వయుజం దాటాక ఊడ దిగి ఏం లాభం? ఈ జవాబు రాసేటప్పుడు కూడా నాకు కొంచెం అనుమానంగానే ఉంది. హింగారు వానల్ని, అంటే ఈశాన్య రుతుపవనాల వానల్ని, అందుకోగల తక్కువ రోజుల పంటైతే లెక్క మారొచ్చు.

బ్రేకు తీసినవాళ్లు

2025 మేలో కేంద్రం రెండు జన్యుసవరణ వరి రకాల్ని ప్రకటించింది. వాటిలో ఒకటి, పూసా డీఎస్టీ రైస్ 1, మన కాటన్‌దొర సన్నాల నుంచి చేసింది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1010 అది. ఇందులో కొత్త ప్రొటీన్ ఏదీ పెట్టలేదు. ఉన్న ఒక జన్యువును పనిచేయకుండా చేశారు. ఆ జన్యువు కరువు, ఉప్పు తట్టుకునే శక్తికి బ్రేకులాంటిది. అది పోతే ఆకు రంధ్రాల మీద అదుపు పెరుగుతుంది. నీళ్లను ఆదా చేస్తూ పండించాలన్న ఆలోచన. చేలల్లో ఎలా ఉంటుందన్నది నాలుగైదు పంటలు అయితేగానీ తెలియదు. కానీ అడుగుతున్న ప్రశ్న నాకు నచ్చింది. మొక్క చస్తే ఎలా బతికించాలని కాకుండా, తాగే నీటితో ఎంత పండుతుందని అడుగుతున్నారు.

కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు చేసేది అంతకన్నా పాతపని. మా నాయన తరం 1940 నాటి టీఎంవీ 2 అనే శెనక్కాయ రకాన్ని పట్టుకుని వేలాడింది. తర్వాత కదిరి 6, ఇప్పుడు కదిరి లేపాక్షి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో, ఆ వానలోనే రకాల్ని పెంచి, ఎండనిచ్చి, పీకి, కాయలు లెక్కపెట్టి ఏరతారు. లోపల ఏ డీహైడ్రిన్ పనిచేసిందో ఎవరూ అడగరు. అడగాలి కూడా, తెలిస్తే ఏరడం సులువవుతుంది. ఈ ప్రొటీన్లకు నా మనసులో ఉన్న చోటు అది. ఏరేవాడికి గుర్తుగా పనికొస్తాయి, వాడి చేతిలో ఒక పనిముట్టుగా. మందుగా కాదు. ఇక కథనాలు రాసేవాళ్లు "కరువును తట్టుకుంది" అని రాసే ముందు మూడు ముక్కలు కలిపి రాస్తే బాగుంటుంది: ఏ దశలో బెట్ట, ఎన్ని రోజులు, ఎకరాకు ఎన్ని బస్తాలు. మూడోది లేకపోతే ఆ కథనాన్ని నేను ఇకమీదట గ్రూపులో ఫార్వర్డ్ చేయను. మా చిన్నాన్న చేస్తూనే ఉంటాడనుకోండి.

నాయన ఊరికెళ్లిపోయాక రెండో సంజీవని తెచ్చాను, ఈసారి మొక్కలు తెలిసిన ఒక స్నేహితుడి దగ్గర. నీళ్లలో వేసిన రెండో రోజు పొద్దున్నే మధ్యలో చిన్న ఆకుపచ్చ మరక కనబడింది. మూడో రోజుకు కొమ్మలన్నీ పచ్చబడ్డాయి. పాప వీడియోకాల్ చేసి తాతకు చూపించింది. "తాతా, ఇది నిజంగా బతికింది. మొన్నటిది ఉత్తుత్తిది."

ఆయన ఫోన్‌ను దగ్గరికీ దూరంగానూ పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పచ్చగానే ఉంది పాపా. ఈసారి వచ్చేటప్పుడు రెండు ముక్కలు తీసుకురండి, గట్టుమీద పెడదాం" అన్నాడు. "మేకలు తింటాయేమో చూస్తా."